కాటా ఆశీర్వాదం, ఇరవై కిలోల రాయి

తెనాలి మారిస్‌పేటలో కాటా ఆశీర్వాదం ఎవరంటే బడిపిల్లలు కూడా చెయ్యెత్తి అతని కొట్టు చూపించేవాళ్ళు. కాటాలు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది అనుకుంటే పొరపాటే. ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళనెవరూ అలా పిలవలేదు. ఇతగాడు కంటికి కనిపించిన ప్రతిదాన్నీ తూచందే ఊరుకోడు, అందుకొచ్చింది. వాన ముందు ఉప్పు బస్తా ఎంత, వాన వెలిశాక ఎంత? తడిసిన గొడుగులో ఎన్ని నీళ్ళుంటాయి? పాత పాస్టరుగారి బైబిలు బరువా, కొత్త పాస్టరుగారిది బరువా? ఇవన్నీ అతనికి కావాలి. ఎందుకయ్యా అంటే, "ఊరికే, తెలుసుకుందామని" అనేవాడు. పెళ్ళయిన మూడో రోజున పెళ్ళాన్ని కొట్టుకి తీసుకెళ్ళి కాటా ఎక్కించిన మొగుడు గుంటూరు జిల్లా మొత్తం మీద అతనొక్కడే అయ్యుంటాడు. నలభై మూడు కిలోల రెండొందలు. రాహేలుకి ఆ అంకె ఇప్పటికీ గుర్తే, ఆ కోపం కూడా గుర్తే.

రాహేలు మిషను బళ్ళో పంతులమ్మ. ఆశీర్వాదానికి కాటా పని నేర్పినవాడు జకరయ్య అనే ముసలాయన, ఎప్పుడో పోయాడు. ఆయన నేర్పిన పనిలో ముఖ్యమైంది నాలుగు మూలల పరీక్ష. బస్తాలు తూచే కాటాకి కింద పెద్ద ఇనప పలక ఉంటుంది కదా, దాని మీద బరువు ఏ మూల పెట్టినా కాటా ఒకే అంకె చూపించాలి. అందుకని ఇరవై కిలోల ఇనప రాయిని ఒక్కో మూలా పెట్టి చూస్తారు. పెట్టడమంటే పడెయ్యడం కాదు. పలక కింద కత్తుల్లాంటి సన్నటి అంచుల మీద మొత్తం కాటా ఆని ఉంటుంది. రాయి ధన్‌మని పడితే ఆ అంచు చెడుతుంది. అందుకే జకరయ్య రాయి దించేటప్పుడు పాత తూకాల పేర్లు పైకి అనమనేవాడు. బారువా, మణుగు, వీశె, పదలం, ఏబులం. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. ఏబులం అనేసరికి రాయి పలకని తాకాలి, చప్పుడు రాకూడదు.

ఆయన పెట్టిన కట్టుబాటు ఇంకొకటుంది. రాయి చేతిలోంచి ఒకసారి జారితే కాటా గలాయనకి క్షమాపణ చెప్పుకోవాలి. రెండోసారి జారితే ఆ రోజే రాళ్ళన్నీ ఇంకో పనివాడికి అప్పగించి ఇంటికి పోవాలి. ప్రభుత్వం వాళ్ళ లైసెన్సులో ఇలాంటిది ఎక్కడా లేదు. కానీ జకరయ్య శిష్యులందరూ దాన్ని లైసెన్సు కంటే గట్టిగా పట్టుకున్నారు. పొన్నూరులో పనిచేసే జార్జి ఆశీర్వాదం దగ్గర నేర్చుకున్నవాడే. ముప్పై అయిదేళ్ళవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. అతనికీ అదే కట్టుబాటు.

తొంభై అయిదులో ఆశీర్వాదం కాళ్ళు వాచాయి. మొహం పొద్దున్నే ఉబ్బేది. గుంటూరులో పరీక్షలు చేసి, కిడ్నీలు రెండూ మూడొంతుల దాకా పోయాయనీ, బీపీ బాగా ఎక్కువుందనీ చెప్పి, బరువు పనులు మానేసి విశ్రాంతి తీసుకోమన్నారు. అప్పటికతనికి నలభై తొమ్మిదేళ్ళు.

అంతే, రాహేలు ఆ విశ్రాంతిని బడి హాజరుపట్టీలా అమలు చేసింది. చెంబు ఎత్తనివ్వలేదు. పెరట్లోకి వెళ్తే వెనకే కుర్చీ మోసుకెళ్ళింది. చూడవచ్చినవాళ్ళు ఊరికే చూసిపోతారా? ఒకరు కొబ్బరినీళ్ళన్నారు, ఒకరు కొండపిండాకన్నారు, ఒకాయన గాడిదపాలన్నాడు. "గాడిదని కూడా తోలుకురాలేకపోయారా, బాబాయ్?" అని రాహేలే విసుక్కుంది. గుంటూరు డాక్టరు రాసిచ్చిన మందులూ చప్పిడి కూడూ తప్ప ఇంకేదీ గుమ్మం దాటి రానివ్వలేదు, అంతవరకు మెచ్చుకోవలసిందే.

ఏడాది తిరిగేసరికి ఆశీర్వాదం తొడలు కరిగిపోయి పంచె నిలవడం మానేసింది. చర్చిలో ప్రభురాత్రి భోజనానికి బలిపీఠం ముందు మోకరిల్లితే మళ్ళీ లేవలేకపోయాడు. ఇద్దరు సంఘపెద్దలు చంకల్లో చేతులేసి లేపారు. సంఘమంతా చూసింది. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో బాపట్లలో కాటాలకి ముద్రలు వేసే క్యాంపు వచ్చింది. ఏటా తెనాలి, బాపట్ల, రేపల్లె వరసగా వస్తాయి. తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు ముద్ర వేసే ముందు పనివాడు కాటాని పరీక్షించి చూపించాలి. రాహేలు బడికెళ్ళిన సమయం చూసుకుని ఆశీర్వాదం బస్సెక్కేశాడు. బాపట్లలో సామ్రాజ్యం అనే ఆవిడ ఎరువుల కొట్టు నడుపుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ కాటా ఇతను తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. మొదటి మూల బాగానే పెట్టాడు. రెండో మూల దగ్గర వీశె అన్నాడో లేదో, రాయి జారి పలక మీద పడింది. వీధి చివరి దాకా వినిపించింది.

సామ్రాజ్యం స్టూలు తెచ్చి వేసింది. "కూర్చో అన్నయ్యా, ఎండగా ఉంది" అంది. ఫిబ్రవరిలో ఎండేంటి! ఆవిడ తిట్టినా బాగుండేదని ఆశీర్వాదానికి అనిపించింది. రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొన్నూరు దాటేదాకా ఏడ్చాడు. ఒకటి అయిపోయింది. ఇంకొక్కసారి జారితే రాళ్ళు జార్జివి.

ఏడ్చినవాడు ఏడ్చి ఊరుకోకుండా ఆలోచనలో పడ్డాడు. అదీ అతని తత్వం. పోయింది కిడ్నీలు కదా. అవి వీపు వెనకెక్కడో ఉంటాయి కదా. మరి తొడలెందుకు పోయినట్టు?

ఈ ప్రశ్న అడగడానికి తగిన మనిషి మార్చి నెలలో తనంతట తనే అతని కొట్టుకి వచ్చింది. డాక్టరు ప్రమీలారాణి తెనాలిలో కొత్తగా నర్సింగ్‌హోమ్ పెట్టింది. ముప్పై రెండేళ్ళుంటాయి. పసిపిల్లల్ని తూచే కాటా రెండొందల గ్రాములు తేడా చూపిస్తోందని ఆటోలో వేసుకొచ్చింది. ఆశీర్వాదం దాని స్ప్రింగు విప్పుతూ అడిగాడు.

"డాక్టరమ్మా, ఒక సందేహమండి. నాకు పోయింది కిడ్నీలండి. తొడలెందుకు పోయినయ్యండి?"

ఆవిడ అతని మొహం, కాళ్ళు, చేతులు చూసింది. జబ్బు ఎంతకాలంగా ఉంది, ఏం తింటున్నారు, ఏం చేస్తున్నారు, అన్నీ అడిగింది.

"సగం జబ్బు తిన్నదండి, సగం మంచం తిన్నది" అంది చివరికి.

"మంచమా అండి?"

"ఏడాది పాటు ఎత్తని చెయ్యి ఎత్తడం మర్చిపోతుంది. జబ్బు లేనివాళ్ళకైనా అంతే. మీకు జబ్బు కూడా తోడైంది."

"మరి ఎత్తితే మళ్ళీ వస్తుందాండి?"

"ఇలాంటి జబ్బున్నవాళ్ళ చేత కొద్ది కొద్దిగా బరువులు ఎత్తించి చూస్తున్నారని పత్రికల్లో చదివాను. ఇంకా పూర్తిగా తేలలేదు. రేపొకసారి కాగితాలన్నీ పట్టుకురండి, మీ బీపీ చూసి చెప్తాను. చేసి చూద్దామా?"

ఆ "చూద్దామా" అన్న మాటకి ఆశీర్వాదం పడిపోయాడు. వైద్యం చేస్తానంటే భయపడేవాడేమో గానీ, చూద్దామంటే మాత్రం ఆగే మనిషి కాదు. పిల్లల కాటా బాగుచేసి కూలి తీసుకోలేదు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "జబ్బు మనిషి చేత బరువులు మోయిస్తుందా? ఆవిడ డాక్టరా, ముఠా మేస్త్రీనా?" అని రాహేలు నర్సింగ్‌హోమ్‌కే వెళ్ళి నిలదీసింది. ప్రమీలారాణి ఆవిడని కూర్చోబెట్టి షరతులు చెప్పింది. వారానికి మూడు రోజులే. వారం వారం బీపీ చూపించాలి, నెలకోసారి రక్తపరీక్ష. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఎగబాకుతుంది. ఇంకో రెండుసార్లు చెయ్యగలననిపించినప్పుడే ఆపెయ్యాలి. ఆయాసమొచ్చినా, గుండెల్లో పట్టేసినా ఆ రోజుకి చాలు. ఉప్పూ నీళ్ళూ కొలత ప్రకారమే. "వీటిలో ఒక్కటి తప్పినా నేనే మానిపిస్తానండి" అంది. రాహేలు ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమింది.

మొదటి రోజు చేసిందేంటంటే, కుర్చీలోంచి చేతులానకుండా లేచి కూర్చోవడం. మూడుసార్లు. నాలుగోసారి లేవలేక అక్కడే ఉండిపోయాడు. గోడకి చేతులానించి తోయడం అయిదుసార్లు. తర్వాత రెండు కిలోల ఇసక సంచి. ఆ సంచి రాహేలు పాత జాకెట్టు గుడ్డతో తనే కుట్టుకున్నాడు. ఇసక కాలవగట్టు నుంచి తెచ్చి, ఎండబెట్టి, జల్లించి, తడి లేదని రెండుసార్లు తూచి మరీ పోశాడు. రెండు చేతులతో నేల మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి. వారం వారం అరకిలో ఇసక కలపాలని డాక్టరమ్మ దగ్గర లెక్క ఒప్పించుకున్నాడు.

ఊపిరి బిగబట్టకూడదంటే ఏదో ఒకటి పైకి అంటూ ఉండమంది ఆవిడ. అనడానికి అతని దగ్గర మాటలకి కొదవా? "బారువాఆ... మణుగూఊ... వీశేఏ..." అని సాగదీస్తూ సంచి దించేవాడు. పక్కింటివాళ్ళు నాలుగు రోజులు విన్నారు. అయిదో రోజుకి మారిస్‌పేటంతా పాకింది, ఆశీర్వాదం లూథరన్ సంఘం వదిలేసి కొత్త సంఘంలో కలిశాడనీ, ఇంట్లో పొద్దున్నే అన్యభాషల్లో ప్రార్థన చేస్తున్నాడనీ. సంఘపెద్ద ఒకాయన పంచె సర్దుకుంటూ విచారణకే వచ్చేశాడు. ఆశీర్వాదం సంచి చూపించి, జరిగింది చెప్పి, "మీరూ ఒకసారి ఎత్తండి" అన్నాడు. ఆయన ఎత్తాడు. వీశె తర్వాతి పేరు గుర్తురాక దభీమని వదిలేశాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

జూన్ వచ్చేసరికి సంచి ఆరు కిలోలైంది. మనిషికి ఆకలి పుట్టింది. ఇక్కడే వచ్చిపడింది తంటా.

ఆశీర్వాదం రోజూ పొద్దున కొట్లో కాటా ఎక్కి తన బరువు గోడకున్న రాతపలక మీద సుద్దతో రాసుకునేవాడు. యాభై రెండు కిలోలు. ఎన్నాళ్ళైనా యాభై రెండే. ఒక వారం యాభై మూడున్నరైంది. ఇంకో వారానికి యాభై అయిదు. తర్వాత యాభై ఆరు కూడా దాటింది. ఓహో, అతని సంబరం చూడాలి! వచ్చినవాళ్ళకల్లా సుద్ద అంకెలు చూపించాడు. "నాలుగు కిలోలు కండ పట్టానండి, కాటా చెబుతోందండి" అన్నాడు. చెప్పుల పట్టీ ఉన్న చోట కాలికి గాడి పడుతోంది. మెట్లెక్కితే ఆయాసమొస్తోంది. అవి చూడలేదు. జీవితమంతా కాటాని నమ్మినవాడికి కాటా చెప్పిందే వేదం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన వారం కూడా, అయిదు కిలోలు నిండాక ఒకేసారి చూపిద్దామని ఎగ్గొట్టాడు.

అసలు సంగతి వంటింట్లో ఉంది. రాహేలు బడికెళ్ళాక నిజాంపట్నం ఎండుచేపలు కాల్చుకుని తింటున్నాడు. ఉప్పులో ఊరినవి. అవి తిన్నాక దాహం, దాహానికి నీళ్ళు. కాల్చిన వాసన పోవాలని సాంబ్రాణి వేసేవాడు. మధ్యాహ్నం పూట ఇంట్లో సాంబ్రాణేంటని రాహేలు ఒకటి రెండుసార్లు అడిగింది కూడా.

ఒక ఆదివారం చర్చి నుంచొచ్చి పడుకుంటే ఊపిరాడలేదు. లేచి కూర్చుంటే ఆడింది. మళ్ళీ పడుకుంటే ఆడలేదు. రాహేలు రిక్షాలో వేసుకుని నర్సింగ్‌హోమ్‌కి పరిగెత్తింది. ప్రమీలారాణి అతని ముంగాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

"ఆశీర్వాదం గారూ, ఇది కండ కాదండి. నీరు."

"కాటా..." అన్నాడు అతను.

"కాటా సరిగ్గానే చెప్పిందండి. అది బరువే చెబుతుంది. ఆ బరువు దేనిదో దానికేం తెలుసు? మీకు తెలియాలి. నా దగ్గరికి రావడమెందుకు మానేశారు? ఏం తిన్నారు?"

అతను రాహేలు వంక చూశాడు. రాహేలుకి సాంబ్రాణి అర్థమైంది.

మూడు రోజులు నర్సింగ్‌హోమ్‌లో ఉంచి సూది మందులతో నీరు తీశారు. ఇంటికొచ్చి కాటా ఎక్కితే యాభై ఒకటి. ఆశీర్వాదం కొట్లో పలక మీది సుద్ద అంకెలన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు. ఇసక సంచిని మంచం కిందికి తోశాడు. ఇరవై ఏడేళ్ళు ఊరందరి తూకాలూ సరిచేసినవాణ్ణి, నా తూకం నేను తెలుసుకోలేకపోయానని సిగ్గుతో చచ్చిపోయాడు.

రాహేలు గెలిచినట్టే కదా. మొదటి రెండు రోజులూ అలాగే తిరిగింది. మూడో రోజు బడి నుంచొచ్చేసరికి అతను పొద్దున కూర్చున్న చోటే గోడవైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. పక్కనే వారపత్రిక ఉంటే అది తూచలేదు, చదవలేదు. సాయంత్రం పాలవాడు కొలత తక్కువ పోస్తే గమనించలేదు. రాహేలు భయపడింది.

మంచం కింద చెయ్యి పెట్టి సంచి బయటికి లాగింది. కుర్చీ తెచ్చి నడిమింట్లో వేసింది.

"లేవండి" అంది.

"వద్దన్నావుగా."

"మీరు పోతారని భయమండీ నాకు. మంచం మీద ఉంచితే పోరనుకున్నాను. మూడు రోజుల్నించి చూస్తున్నా, మంచం మీదే పోయేట్టున్నారు. లేవండి. ఎండుచేపల సంగతి తర్వాత తేలుస్తాను."

డాక్టరమ్మ నాలుగు వారాలు ఆగి, బీపీ దారికొచ్చాక, మళ్ళీ రెండు కిలోల నుంచి మొదలుపెట్టమంది. ఒకసారి ఆరు దాకా ఎత్తిన కండలు కాబట్టి ఈసారి వారానికి ముప్పాతిక కిలో కలపొచ్చంది. కాటా మీద కండని వెతకొద్దనీ, కాటా నీటి కోసమనీ, ఒక్కరోజులో కిలో పెరిగితే పరిగెత్తుకు రమ్మనీ చెప్పింది. మరి కండకి కొలతేంటి? కుర్చీ. అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటే అంత. రాహేలు చేతి గడియారం చూసేది, అతను లేచేవాడు. ఆగస్టులో నాలుగు. దసరా సెలవులకి ఏడు. క్రిస్మస్‌కి పదకొండు. ఈ కొత్త కొలత ఆశీర్వాదానికి తెగ నచ్చేసింది. వచ్చినవాళ్ళందర్నీ కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టి, సంఘపెద్దకి తొమ్మిదేనని తెలుసుకుని సంతోషించాడు.

క్రిస్మస్ ఆరాధనలో బలిపీఠం ముందు మోకరిల్లాడు. సంఘపెద్దలిద్దరూ అలవాటుగా చెరోపక్కా వచ్చి నిలబడ్డారు. అతను ఒక మోకాలు ఎత్తి, పాదం ఆనించి, తనంతట తనే లేచాడు. వాళ్ళు చేతులు ఏం చెయ్యాలో తెలియక కట్టుకున్నారు.

ఇంత బాగుంది కదా, మరి రక్తం ఏం చెప్పాలి? జనవరిలో వచ్చిన కాగితాన్ని ప్రమీలారాణి పాత కాగితాల పక్కన పెట్టి మళ్ళీ చదివింది.

"కిడ్నీలు ఇంకా తగ్గాయండి. నాలుగైదు నెలల్లో డయాలిసిస్ మొదలుపెట్టాల్సి రావచ్చు. దానికి ముందే చేతిలో రక్తనాళాలు రెండు కలిపి కుట్టాలి, గుంటూరులో చేస్తారు. మార్చి మొదటివారానికి రాస్తున్నాను. ఎడమ చెయ్యి."

"ఇంత చేసినా తగ్గాయాండి?"

"కిడ్నీలు బాగవుతాయని నేను చెప్పానా, ఆశీర్వాదం గారూ?"

"చెప్పలేదండి" అన్నాడు. "నేనే అనుకున్నానండి. ఎవరికీ చెప్పకుండా అనుకున్నాను." ఎడమ చెయ్యి ఒకసారి చూసుకుని, "ఆ కుట్టిన చేత్తో బరువులు ఎత్తొచ్చాండి?" అని అడిగాడు.

"చిన్నవి, కొన్నాళ్ళు పోయాక. ఇరవై కిలోలు మాత్రం కాదండి. ఎప్పటికీ కాదు."

దారిలో రాహేలు అంది, "ఎలాగూ మానాల్సిందేగా. ఫిబ్రవరి రేపల్లె క్యాంపు జార్జినే చూసుకోమనండి. రాళ్ళు ఇప్పుడే ఇచ్చేస్తే పోతుంది."

"ఇప్పుడిలా ఇచ్చేస్తే జబ్బు లాక్కున్నట్టు, రాహేలూ. నిలబడి ఇస్తే నేనిచ్చినట్టు. రేపల్లె నేనే వెళ్తాను. నాలుగు మూలలూ పెట్టి, అక్కడే ఇస్తాను. జారిందా, సరే, కట్టుబాటు ప్రకారమే ఇచ్చాననుకుంటారు."

సంచి అప్పటికి పందొమ్మిది కిలోలు. డాక్టరమ్మ ఊఁ అనడానికి రెండు రోజులు పట్టింది. రోజుకి ఒక్క కాటా, మూలకీ మూలకీ మధ్య రెండు నిమిషాలు కూర్చోవాలి, రాహేలు పక్కనుండాలి. ఇవీ షరతులు.

తొంభై ఏడు ఫిబ్రవరి ఆఖర్లో పొద్దున పాసింజరు బండికి ముగ్గురూ రేపల్లె వెళ్ళారు. రాళ్ళ పెట్టె జార్జి మోశాడు. రంగనాయకులు అనే ఆయన బియ్యం కొట్లో కాటా. ఆయన పేరున్న వ్యాపారి, పెద్ద గొంతు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. బస్తాలు దింపే కూలీలు, బియ్యం అమ్మడానికొచ్చిన రైతులు కలిసి పాతికమంది దాకా ఉన్నారు.

ఆశీర్వాదం ఇరవై కిలోల రాయి ఎత్తాడు. మొదటి మూల, ఏబులం, చప్పుడు లేదు. ఇరవై. రెండు నిమిషాలు బస్తా మీద కూర్చున్నాడు. రెండో మూల ఇరవై. బాపట్లలో జారింది ఇక్కడేనని రాహేలుకి తెలుసు, గడియారం చూడ్డం మర్చిపోయింది. మూడో మూల ఇరవై. నాలుగో మూలకి ముంజేతులు వణుకుతున్నాయి, అయినా రాయి మెత్తగానే దిగింది. కాటా పందొమ్మిది కిలోల తొమ్మిదొందల యాభై చూపించింది.

"యాభై గ్రాములు తక్కువండి" అన్నాడు.

రంగనాయకులు ఎగిరిపడ్డాడు. "నా కాటా తప్పా? నీ చెయ్యి వణకడం అందరూ చూశారయ్యా! ఒంట్లో బాగాలేని మనిషివి, రాయి సరిగ్గా పెట్టలేకపోయావు. మంచాన పడుండాల్సినవాడికి ఈ పనెందుకు? జార్జీ, నువ్వు పెట్టు."

అది బుద్ధున్న మాట కాదు. చెయ్యి వణికినంత మాత్రాన, పెట్టి వదిలేసిన రాయి బరువు తగ్గుతుందా? కానీ పాతికమంది ముందు అన్నాక ఆ మాట అక్కడే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు, "ఎవరో ఒకరు ఇంకోసారి పెట్టి చూపించండి" అన్నాడు. జార్జి ముందుకొచ్చాడు గానీ రాయి ముట్టుకోలేదు, ఆశీర్వాదం వంకే చూస్తున్నాడు.

ఆశీర్వాదం బస్తా మీద కూర్చున్నాడు. చేతుల్లో ఇంకెంత మిగిలిందో నిజాయితీగా చూసుకున్నాడు. ఎత్తిన ప్రతిసారీ రెండు మిగిలుండగానే ఆపేవాడు, పది నెలలుగా. ఆ రెంటిలో ఒకటి ఇప్పుడు వాడుకోవచ్చా? వాడుకుంటే రాయి ఆగుతుందా? భయమేసింది. భయంతో పాటు, నిజంగానే తెలుసుకోవాలని కూడా అనిపించింది.

"ఎంతైంది, రాహేలూ?"

"రెండు నిమిషాలూ అయ్యాయండి" అంది. వద్దని మాత్రం అనలేదు. ఆవిడ రెండు చేతులూ చీరకొంగులో బిగుసుకుని ఉన్నాయి.

లేచాడు. వంగి, మోకాళ్ళ నుంచి ఎత్తాడు. "బారువా" అన్నాడు. కూలీలు బస్తాలు మోయడం ఆపేశారు. మణుగు దగ్గర ఊపిరి బిగిసింది, కావాలని వదిలాడు. వీశె. రాయి అంగుళం అంగుళం దిగుతోంది. పదలం అన్నది ఎవరికీ వినిపించలేదు. ఏబులం అన్నప్పుడు ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు రాలేదు, ఆశీర్వాదం వెనక్కి జరిగి నిలబడ్డాక గానీ దిగిందని తెలియలేదు.

పందొమ్మిది కిలోల తొమ్మిదొందల యాభై.

"వణికితే రెండుసార్లూ ఒకేలా వణకదు కదండి రంగనాయకులు గారూ" అన్నాడు, ఆయాసపడుతూనే. జార్జి పలక లేపి చూస్తే ఆ మూల కింద కత్తి అంచు అరిగిపోయి ఉంది. క్వింటాలు బస్తా ఆ మూల పడితే అమ్మినవాడికి పావుకిలో ఎగిరిపోతుంది. బియ్యం తెచ్చిన రైతులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. రంగనాయకులు పెద్ద గొంతు చిన్నదైపోయింది. "నాకు తెలీదయ్యా, నిజంగా తెలీదు" అన్నాడు. తెలియకపోయి ఉండొచ్చు. ఇన్‌స్పెక్టరు ముద్ర వెయ్యకుండా బాగుచేయించమని రాశాడు.

ఆశీర్వాదం మళ్ళీ రెండు నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత రాయి దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పొట్ట దాకా ఎత్తి పట్టుకున్నాడు.

"జార్జీ, ఇటు రా."

జార్జికి అర్థమై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇవాళ వద్దు బాబాయ్. ఇంటికెళ్ళాక చూద్దాం."

"జారిందా నా చేతిలోంచి?"

"లేదు బాబాయ్."

"మరి తీసుకో."

జార్జి కళ్ళు తుడుచుకుంటూ ఒక చెయ్యి చాపాడు.

"రెండు చేతులూ పెట్టు" అన్నాడు ఆశీర్వాదం. జార్జి రెండు చేతులూ కింద పట్టాడు. నాలుగు చేతుల మధ్య రాయి ఒక్క క్షణం అలాగే ఉంది. రాహేలు ఇద్దరినీ చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆశీర్వాదం జార్జి పట్టు సరిపోయిందో లేదో ఒకసారి చూసుకుని, "వదులుతున్నా" అని చెప్పి, వదిలాడు.